ప్రశ్నపత్రకర్త గారి దివ్యసముఖమునకు

మ.రా.రా.శ్రీ పాఠశాలా పరీక్షల సాంఘికశాస్త్ర ప్రశ్నపత్రకర్త గారికి, ఒక బడిపిల్లవాని తాత సవినయముగ వ్రాసికొను బహిరంగ విన్నపము.

అయ్యా,

తమ నామధేయ మెట్టిదో, నివాస మెచ్చటనో లోకమునకు తెలియదు, తెలియరాదనియే నిబంధన. అయినను, ఈ దేశమున చరిత్రను శాసించువారు తామే గాని పాఠ్యపుస్తకములు రచించిన పండితులు గారని నేను ముమ్మాటికిని నమ్ముచున్నాను. వా రెన్ని అధ్యాయములు వ్రాసినను, అందు తాము ప్రశ్నగా అనుగ్రహించినంత మాత్రమే చరిత్ర. తక్కినదంతయు 'ఇది పరీక్షకు రాదు' అను నొక్క మాటతో తరగతిగదిలోనే కొట్టివేత పాలగుచున్నది. మౌర్యులు 140 ఏండ్లయినను నిండకుండ అంతరించిరి. తమ ఏలుబడికి మాత్రము అంతము కానరాదు. కనుకనే ఈ విన్నపమును మంత్రివర్యులకు గాక, విద్యాశాఖవారికి గాక, నేరుగ తమకే సమర్పించుకొనుచున్నాను.

మా మనుమని నోటుపుస్తకమున అశోకుని పరిపాలనను గూర్చిన నాలుగు మార్కుల సమాధాన మొకటి యున్నది. బాటల కిరువైపుల చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను, వైద్యశాలలు కట్టించెను అని వరుసగా అంకెలు వేసి వ్రాసియున్నాడు. పుటలు త్రిప్పుకొనుచు పోగా కాకతీయులు చెరువులు త్రవ్వించిరి, రాయలవారును చెరువులు త్రవ్వించిరి, షేర్షా మరల బాటల కిరువైపుల చెట్లు నాటించెను. ఇదేమిరా యని యడిగితిని. "రాజు ఎవరైతే ఏంటి తాతయ్యా! చెట్లూ బావులూ చెరువులూ రాసేస్తే సగం మార్కులు ఎక్కడికీ పోవు" అని వాడు తాపీగా సెలవిచ్చినాడు. పదునెనిమిది శతాబ్దముల చరిత్రను ఒక్క వాక్యమున ఇమిడ్చిన ఆ ప్రజ్ఞకు సంతసింపవలెనో, విచారింపవలెనో నాకు పాలుపోలేదు. వానియందు దోషమేమియు లేదు. తమ బిట్లను, తమ కీని, పాత ప్రశ్నపత్రములను క్షుణ్ణముగ చదివి, తమ మనసెరిగి వర్తించుచున్నాడు.

చమత్కార మేమనగా, ఆ చెట్ల మాటను అశోకుడు ఎక్కడో పాటలీపుత్రమున చెప్పి యూరకుండలేదు. కర్నూలు జిల్లాలో, గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, ఎర్రగుడి చెంతనున్న గుట్టబండలపై చెక్కించి పోయినాడు. మనుష్యులకును పశువులకును చికిత్స లేర్పరచితిననియు, ఓషధులు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించితిననియు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు రెండవ శాసనమున అతడు చెప్పుకొన్న మాటలే, 2,200 ఏండ్లకు పైగా ప్రయాణము చేసి, పశువులను ఓషధులను త్రోవలో జారవిడుచుకొని, మావాని నోటుపుస్తకమున మూడు పొడివాక్యములై మిగిలినవి. అచ్చటి చిన్న శాసనమున లేఖకుడు కొన్ని పంక్తులను ఎడమనుండి కుడికిని, కొన్నిటిని కుడినుండి ఎడమకును, అరకగట్టిన యెద్దులు చాలు చివర మళ్ళినట్లు వ్రాసినాడు. ఎందుల కట్లు వ్రాసెనో తలకొక మాట చెప్పుటకు పండ్రెండేండ్ల పిల్లలకన్న అర్హులెవరు? కాని ఆ జిల్లా పిల్లవాడు సయితము ఆ గుట్ట మొగము చూడకయే ఖాళీని పూరించి, సరియైన జవాబును జతపరచి, పై తరగతికి పోగలడు.

ఆ బండపై అశోకుడను పేరే లేదు. దేవానాంప్రియుడు, ప్రియదర్శి అని మాత్రమే యున్నది. ఆ లిపిని చదువగలవారే ఈ దేశమున శతాబ్దములపాటు లేకపోగా, కలకత్తా టంకశాలలో ఉద్యోగియైన జేమ్సు ప్రిన్సెపు 1837లో దాని గుట్టు విప్పెను. ఆ ప్రియదర్శి మౌర్యుడైన అశోకుడేయని ఇంచుమించు అప్పుడే సింహళములోని పాళీగ్రంథముల ఆధారమున జార్జి టర్నరు తేల్చెను. 1915లో నాటి నైజాము రాజ్యములోని రాయచూరు సీమలో, మస్కి యొద్ద, అశోకుని పేరే గల శాసనము బయల్పడి ఆ నిర్ణయమును స్థిరపరచెను. ఇంత కథ నడచిన పిదప మా పిల్లలచేతికి వచ్చినది ఒక మార్కు బిట్టు.

ఇక కళింగయుద్ధము. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమందిని చెరపట్టి తరలించితిమనియు, అందులకు తాను పశ్చాత్తప్తుడ నైతిననియు అతడు పదమూడవ శాసనమున చెప్పుకొన్నాడు. ఎర్రగుడిలో ఆ శాసనమున్నది. కాని ఏ దేశమున ఆ రక్తము ప్రవహించెనో ఆ కళింగములోనే, ధౌళియందును జౌగడయందును, ఆ పశ్చాత్తాపపు శాసనము లేదు. దానికి బదులుగ వేరు శాసనములు చెక్కించినాడు. దూరదేశములవారికి చెప్పుకొన్న దుఃఖమును బాధితులకే చెప్పకుండుటలో సిగ్గున్నదా, రాజనీతి యున్నదా, గాయమును కెలుకరాదను వివేకమున్నదా? దీనికి కీ లేదు. ఏ గైడులోను జవాబు దొరకదు. అందుచేతనే ఇది అడుగదగిన ప్రశ్నయని నా మనవి. అందుచేతనే తామింతవరకు అడుగలేదని నా అనుమానము.

రుద్రమదేవి మాట చూడుడు. ఆమె ఏలుబడిని 1295 వరకో 1296 వరకో సాగదీసిన పుస్తకములను మాతరమువారము భక్తితో వల్లించితిమి. నల్లగొండ జిల్లా చందుపట్లలోని ఒక శాసనము ఆ లెక్కను తారుమారు చేసినది. పువ్వుల ముమ్మడి యను ఒక సామాన్యుడగు కొలువువాడు, రాణియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరని చెప్పి, వారి పుణ్యార్థము సోమనాథదేవునికి భూమిని ధారవోసి, రాతిపై వ్రాయించినాడు. దాని తేదీ 1289 నవంబరు 27. ఆమె యెట్లు మరణించెనో ఆ శాసనము చెప్పదు. తిరుగబడిన కాయస్థ నాయకుడు అంబదేవునితో పోరుచు నేలకొరిగినదని చరిత్రకారుల ఊహ. ఇందులో శాసనము పలికిన దెంత, మన మూహించిన దెంత యని వేరుచేయుటయే చరిత్రపాఠము. మహారాణి మరణమునకు సాక్ష్యము పలికిన ఆ ముమ్మడికి పాఠ్యపుస్తకమున ఒక పంక్తి యైనను దక్కవలదా?

పెద్దలమైన మేము ఇట్టి విచారణను పట్టించుకొనుటలేదు. ఏ రాజును చేర్చిరి, ఏ రాజును తొలగించిరి, ఎవరి కెన్ని పుటలు కేటాయించిరి అని కొలతబద్దలు పట్టుకొని కలహించుచున్నాము. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఈ కొలతలకు ఉత్సాహము మరింత హెచ్చినది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లోనే, రాజుల వరుసను ప్రక్కకు నెట్టి, మన పూర్వు లేమి తినిరో, ఏమి కట్టిరో, ఏ యాటలాడిరో కావ్యములలోనుండి ఏరి ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాయగా, తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము దానికే వచ్చినది. పురస్కారమైతే ఇచ్చితిమి గాని, ఆ మార్గమును బడిగడప దాటనీయలేదు.

ఉపాధ్యాయులను నిందింపను. పిల్లలను గుట్టకు తీసికొనిపోవ దలచిన మాస్టారికి ప్రధానోపాధ్యాయుల అనుమతి, తలిదండ్రుల సమ్మతి, బస్సు ఖర్చు, పూర్తికాని సిలబసు అన్నియు అడ్డుపడును. వీనినన్నిటిని దాటి పోయివచ్చినను, తమ ప్రశ్నపత్రమున దానికి సున్న మార్కులు.

కావున తమ్ము ప్రార్థించునది: వచ్చు పరీక్షలో, ఎంత చిన్న శాసనమైనను సరే, దాని పాఠమును నాలుగు పంక్తులు సులభమగు తెలుగున ముద్రించి, 'దీనివలన మనకు తెలియునదేమి? తెలియనిదేమి?' అని నాలుగు మార్కులకు ఒక్క ప్రశ్న యడుగుడు. తగిన కారణము చూపిన యే సమాధానమునకైనను పూర్తిమార్కులు ఈయవలసినదని కీలో ఒక్క పంక్తి చేర్పుడు. గైడులు అచ్చువేయువారికి మాత్రము ఈ సంగతి ముందుగ పొక్కనీయవలదని ప్రత్యేకముగ వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక బడిపిల్లవాని తాత