రమణారెడ్డికి ఒళ్ళొచ్చింది

బతికున్నన్నాళ్ళూ ఒంటిమీద చిటికెడు కండ పెరగని మనిషి, పోయిన యాభై ఏళ్ళకు లావెక్కాడు. టి.వి.రమణారెడ్డి సంగతే చెబుతున్నాను. మా నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టి, శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వదిలేసి మద్రాసు చేరి, వెదురుబద్దకు పంచె చుట్టినట్టుండే ఆ ఒంటితోనే రాష్ట్రాన్ని నవ్వించిన మనిషి. మొన్న సాయంత్రం మా ఇంట్లో కొత్త టీవీలో 'మాయాబజార్' పెడితే, చిన్నమయ్యగా వచ్చి నిలబడ్డాడు. దవడలు నిండుగా, భుజాలు బారెడు! ఇక రేలంగి వచ్చేసరికి టీవీ చాల్లేదు.

పాలు పోయడానికొచ్చిన మామ చెంబు కింద పెట్టి కాసేపు చూశాడు. "ఏంది అబ్బయ్యా, రమణారెడ్డికి గవదబిళ్ళలేమన్నా లేచినయ్యా?" అన్నాడు.

"గవదలు కాదు మామా, 4కె" అన్నాను.

ఆ రోగానికి మూలం చిన్నదే. ఆ కాలం సినిమా దాదాపు 4:3 కొలతలో తీసింది. ఇప్పటి టీవీ 16:9. పాత బొమ్మకు రెండు పక్కలా నల్లపట్టీలు వదిలితే సరిపోతుంది. కానీ, డబ్బు పెట్టి కొన్న టీవీలో ఖాళీ కనపడితే జనం ఒప్పుకోరని యూట్యూబ్‌లో సినిమాలెక్కించేవాళ్ళకు గట్టి నమ్మకం. అందుకని బొమ్మను చెరో పక్క పట్టుకుని దుప్పటి ఆరేసినట్టు లాగుతారు. మనిషి వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. లాగడం ఇష్టంలేనివాళ్ళు పైనా కిందా కోస్తారు. అప్పుడు ఘటోత్కచుడికి కిరీటం ఉండదు, శశిరేఖకు పాదాలుండవు. ఈ పని చేసినవాడే మూలన తన ముద్ర ఒకటి కొట్టి, పైన 'రీమాస్టర్డ్ 4కె అల్ట్రా హెచ్‌డీ' అని రాస్తాడు. కోసింది సినిమాను, కోయనిది ఆ ముద్రను.

మా కొండాపురమంటే రైలుస్టేషనున్న కడప జిల్లా కొండాపురం కాదు. ఉదయగిరి పక్క మెట్టలో, మంచి సినిమా చూడాలంటే కావలి బస్సెక్కాల్సిన కొండాపురం. హోమ్ వీడియో అనే మాట పుట్టకముందే మా దగ్గర హోమ్ వీడియో ఉండేది. కాలిపోయిన బల్బు ముడ్డి ఊడగొట్టి నీళ్ళు పోసి, తిరనాళ్ళలో కొన్న ఫిలిం ముక్క వెనక పెట్టి, అద్దంతో ఎండను దానిమీదికి తిప్పితే చీకటింట్లో పంచెమీద బొమ్మ పడేది. కదిలేది కాదు, మాట్లాడేది కాదు, తలకిందులుగా కూడా పడేది. అయినా ఎవరి ముఖం వాళ్ళదే. తర్వాత శివరాత్రి జాగారానికి అద్దె టీవీ, డెక్, మూడు క్యాసెట్లు వచ్చాయి. మూడోది పెట్టే వేళకు శివుడు తప్ప అందరూ నిద్రపోయేవాళ్ళు. తర్వాత సీడీలు. 2007లో మోజర్ బేర్ కంపెనీ డీవీడీ 34 రూపాయలకే అమ్మితే పల్లెల్లోకీ పాత సినిమా అట్టపెట్టెతో సహా నడిచొచ్చింది. ఆ వ్యాపారమూ పోయింది, చివరికి కంపెనీ కూడా పోయింది. ఇప్పుడు ఫోను ఉంది, ఫోన్లో 4కె ఉంది.

ఆ 4కె లెక్క మామకు పాలభాషలోనే చెప్పాను. పాత వీసీడీలో బొమ్మ అంటే అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. మొత్తం లక్షా చిల్లర. 4కె బొమ్మలో 3840 ఇంటూ 2160; దాదాపు 83 లక్షలు. అంటే 82 రెట్లు. వీసీడీని తెచ్చి కంప్యూటరులో వేసి 4కె అంటున్నవాడు ఉన్న ఒక్క చుక్కకు 81 చుక్కలు పైన కల్పించాలి.

"సేరు పాలకు 81 సేర్ల నీళ్ళా!" అన్నాడు మామ. ఆ గొంతులో కోపం లేదు, అసూయ ఉంది.

ఈ మధ్య ఆ నీళ్ళు పోసే పనికి కృత్రిమ మేధను పెట్టుకున్నారు. అది ముఖం మీద ఫిలిం గరుకును దుమ్మనుకుని తుడిచేస్తుంది. సూర్యకాంతం నుదుటి ముడత కూడా దానికి దుమ్మే. గుండమ్మ నుదురు నున్నగా అయిపోయాక ఇక ఆ కథలో భయపడటానికి ఏముంది?

అసలు 4కె అనేది లేదని కాదు. 35 ఎంఎం నెగెటివ్‌లో అంత వివరం నిజంగానే దాగి ఉంటుంది. దాన్ని కడిగి, చిరుగులు అతికి, ఒక్కో ఫ్రేము స్కాను చేయాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మూడు గంటల సినిమా అంటే 2,59,200 బొమ్మలు. సత్యజిత్ రాయ్ అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్ ల్యాబులో అగ్గిపాలయ్యాయి. కాలి కమిలిన ఆ రీళ్ళనే ఇటలీలో బొలోనా పనివాళ్ళు నానబెట్టి, చేత్తో అతికి బాగుచేస్తే, మిగతా ప్రింట్ల నుంచి తెచ్చిన భాగాలు కలిపి 2015లో అమెరికా కంపెనీ క్రైటీరియన్ మళ్ళీ లోకానికి చూపించింది. బూడిదలోంచి సినిమా తీశారు వాళ్ళు. మనం సినిమాలోంచి బూడిద తీస్తున్నాం.

థియేటర్లో జరిగే సంబరం వేరు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు 'పోకిరి' 4కె ఆటలు పడ్డాయి. ఆ సినిమా వచ్చింది 2006లో. పదహారేళ్ళు! మా ఇంట్లో రుబ్బురోలు దానికంటే పెద్దది. హరప్పా తవ్వినంత హడావుడి చేసి దాన్ని బయటికి తీశారు. మరుసటి నెలలో పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకు 'జల్సా', ఆ మరుసటేడు మే 20న జూనియర్ ఎన్టీఆర్ పుట్టినరోజుకు 'సింహాద్రి'. మన దగ్గర పాత సినిమా బతకాలంటే దానికి మంచి కథ అక్కర్లేదు, పుట్టినరోజున్న హీరో కావాలి. పేరు పెట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఆడినదాన్ని క్లాసిక్ అంటారు, ఆడనిదాన్ని కల్ట్ అంటారు, ఆడిందో లేదో ఎవరికీ గుర్తులేనిదాన్ని యూట్యూబ్‌లో 'ఫుల్ మూవీ' అంటారు. కుర్రాళ్ళు కాగితాలు చించి ఎగరేసుకుంటే నాకేం బాధ లేదు, మేమూ చిల్లర విసిరినవాళ్ళమే. దానికి 'వారసత్వ పరిరక్షణ' అని పేరు పెట్టినప్పుడే ఒళ్ళు మండుతుంది.

వారసత్వం మాట ఎత్తారు కాబట్టి అసలు పుట్టినరోజు ఒకటి గుర్తుచేస్తాను. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాలపాటు నమ్మాం. రెంటాల జయదేవ పాత ఆధారాలు వెతికి, కాదు, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆయన శ్రమకు దండం పెట్టాలి. తేదీ దొరికింది, సినిమానే దొరకలేదు. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ బొమ్మకు ఒక్క ప్రింటు లేదు. బిడ్డ లేని ఉయ్యాలకు ఏటా తోరణాలు కడుతున్నాం. పాత రీళ్ళు ఎక్కడికి పోయాయంటే, వెండి తీసుకోవడానికి కరిగించినవి కొన్ని, గోదాముల్లో పులిసి వాసనపట్టినవి కొన్ని. మా ఊరి పిల్లల బల్బుల వెనక్కి చేరినవి కొన్ని. ఆ పాపంలో నా వాటా నేను ఒప్పుకుంటాను.

2010 జనవరి 30న 'మాయాబజార్'కు రంగులేసి విడుదల చేశారు. చాలామంది పనివాళ్ళు ఓపిగ్గా చేసిన పని అది, వెక్కిరించను. అయితే కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో పట్టి ఇచ్చిన వెన్నెలకు రంగు తక్కువైందని ఎవరికి అనిపించిందో ఆ మనిషిని ఒకసారి చూడాలనుంది. మంచి పనీ లేకపోలేదు. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు, పుణె నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు కలిసి ఆయన సినిమాలు పది దేశమంతా థియేటర్లలో చూపించారు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'సుడిగుండాలు' ఉన్నాయి అందులో. మూడు రోజులు జరిగింది. నాలుగో రోజు నుంచి మళ్ళీ మా టీవీ, లావెక్కిన మనుషులు.

హీరోలేని సినిమాల గతి ఇంకా చిత్రం. బి.నర్సింగరావు 'దాసి'కి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. మా నెల్లూరు పట్టాభి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన ఆ పట్టాభిరామిరెడ్డే, 1970లో కన్నడంలో 'సంస్కార' తీసి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి కొట్టాడు. వీటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టినవాణ్ణి, పాలాభిషేకం చేసినవాణ్ణి నేను చూళ్ళేదు. దాసికి అభిమాన సంఘం ఎక్కడిది? ఇలాంటి సినిమాలను సుబ్బరంగా డిస్కు వేసి, నాలుగు పుటల వ్యాసం జతచేసి, అట్టపెట్టెలో పెట్టి అమ్మితే కొంటానని పదిమందితో అన్నాను. తొమ్మిదిమంది డిస్కు దేంట్లో పెట్టాలని అడిగారు. పదోవాడు టెలిగ్రామ్ లింకు పంపిస్తానన్నాడు.

మెట్ట ఊళ్ళలో మూతపడ్డ టూరింగు టాకీసులు నడిపిన కుటుంబాలు ఇది చదువుతుంటే ఒక మనవి. అటకమీద తుప్పుపట్టిన గుండ్రటి డబ్బాలుంటే పాతసామాన్ల బండికి వేయకండి. పుణెలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్ళకొక ఉత్తరం రాయండి. మిగతావాళ్ళకు అంత కష్టం లేదు. టీవీ రిమోటులో బొమ్మ కొలత మార్చే మీట ఉంటుంది, ఇలా లాగిన పాత సినిమా వచ్చినప్పుడు 4:3కు పెట్టుకోండి. పక్కన నల్లపట్టీలొస్తాయి, కంగారుపడి మెకానిక్కును పిలవకండి. నేను పెట్టాను. రమణారెడ్డి చిక్కాడు.