బ్రిటిష్ ఖజానా వారికి కూకట్‌పల్లి ఫ్లాటు గురించి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రిటన్ ఆర్థిక మంత్రివర్యుల సముఖమునకు,

విదేశీయులు ఇళ్లు కొనకుండా కెనడా 2023 నుంచి, పాత ఇళ్ల జోలికి పోకుండా ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి ఆంక్షలు పెట్టుకోగా, ఇంగ్లండులో మాత్రం ఏ దేశపు పాస్‌పోర్టు ఉన్నవారైనా ఇల్లు కొనుక్కోవచ్చుననడం తమ ప్రభుత్వ ఔదార్యమేనని రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ పట్టణాల్లోని తెలుగు కుటుంబాలు కృతజ్ఞతతో ఒప్పుకుంటాయి. కొనుగోలుదారు స్వదేశంలో గడిపిన జీవితం ఎక్కడ లెక్కకు రావాలో, ఎక్కడ రాకూడదో తమ వ్యవస్థ తేల్చిన తీరును గురించి మాత్రమే ఈ విన్నపం.

అక్కడ ధర కుదిరినంత మాత్రాన బేరం కుదిరినట్టు కాదు. 1989 నాటి చట్టం ప్రకారం స్థిరాస్తి ఒప్పందం రాతపూర్వకంగా, ఉభయుల సంతకాలతో ఉండాలి గనుక, సంతకాల పత్రాలు మార్చుకుని, సాధారణంగా ధరలో పది శాతం చెల్లించే ఎక్స్‌చేంజ్ అనే ఘట్టం దాకా ఎవరికీ ఎవరిమీదా హక్కు ఉండదు. బయానా పుచ్చుకుని మాట తప్పినవాడిని పెద్దమనుషుల ముందు నిలబెట్టే ఊళ్లనుంచి వెళ్లినవారికి, సర్వేకు, వకీలుకు డబ్బు ఖర్చయ్యాక అమ్మకందారు మరొకరి పైపాటకు మొగ్గడం, ఆ పనికి గజంపింగ్ అన్న పేరు కూడా స్థిరపడి ఉండడం వింతగా తోస్తుంది. అయితే ఈ కష్టం ఇంగ్లీషువారికీ సమంగానే పంచినది గనుక దానిపై ఫిర్యాదు లేదు.

అసలు పరీక్ష డబ్బు దగ్గర మొదలవుతుంది. అక్రమ ధనం చలామణీని అరికట్టే 2017 నాటి నిబంధనల మేరకు, దస్తావేజుల పని చూసే సొలిసిటరు సొమ్ము ఎక్కడిదో తేల్చుకోవాలి. అది తెనాలి దగ్గర ఎకరం పొలం అమ్మి తండ్రి పంపినదైతే, విక్రయ దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో చూపే అడంగలు వంటివన్నీ ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదాలతో ఆయన బల్ల మీదికి చేరవలసి రావచ్చు. మినుము వేశారా, మొక్కజొన్న వేశారా అన్నది రెడింగ్ వకీలుకు ఎందుకన్న సందేహం అలా ఉంచితే, ఇచ్చిన సొమ్ము అప్పు కాదని, కొడుకు ఇంటిలో తనకు ఏ వాటా లేదని ఒక కాగితం మీద సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఆ తండ్రి కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదవడం సహజం. ఇక హైదరాబాదులో ఒక్క వాయిదా తప్పకుండా గృహరుణం కట్టిన చరిత్ర సాధారణంగా అక్కడ చెల్లదు. అప్పు తీర్చే నమ్మకాన్ని అంకెలో కొలిచే క్రెడిట్ స్కోరు, దానిని లెక్కగట్టే సంస్థలు ఉభయ దేశాల్లోనూ పనిచేస్తున్నా, విమానం దిగాక మళ్లీ ఓనమాల నుంచి మొదలవుతుంది.

ఇన్నిచోట్ల కొరగాని ఆ హైదరాబాదు జీవితం స్టాంపు డ్యూటీ దగ్గరకు వచ్చేసరికి హఠాత్తుగా పనికొస్తుంది. అదనంగా మరో ఇల్లు కొనేవారిపై 2016లో 3 శాతంగా విధించి, 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతానికి పెంచిన సుంకం విషయంలో, పాత ఇల్లు భూగోళంలో ఎక్కడున్నా ఇల్లే. దాని విలువ, లేదా అందులోని వాటా విలువ, 40,000 పౌండ్లు ఉంటే చాలు. భార్య పేర ఉన్నా భర్త ఖాతాలోకే వస్తుంది. పల్లెలోని పెంకుటిల్లు ఈ గీత కింద బతికిపోవచ్చుగాని, కూకట్‌పల్లి ఫ్లాటుకు ఆ అదృష్టం అరుదు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 4 లక్షల పౌండ్ల ఇంటికి తొలిసారి కొంటున్న ఇంగ్లీషు యువకుడు 5,000 పౌండ్లు కడితే, పక్కింటిని అదే ధరకు కొన్న ఫ్లాటు యజమాని 10,000 అసలు, 20,000 అదనం కలిపి 30,000 కట్టాలి. అంతకుముందు 12 నెలల్లో 183 రోజులైనా ఆ దేశంలో గడపనివారైతే మరో 2 శాతం, అంటే 8,000. తర్వాత అక్కడే నిలదొక్కుకుంటే తిరిగి వచ్చేదే అయినా, ముందు చెల్లించక తప్పదు.

ఖజానా వారు బొత్తిగా దయలేనివారు కారు. కొనుగోలుకు ముందు మూడేళ్లలో ఎప్పుడైనా తాను ప్రధానంగా కాపురమున్న ఇంటిని, కొన్న తర్వాత మూడేళ్లలోగా కొనుగోలుదారు అమ్మివేస్తే ఆ 20,000 వాపసు ఇస్తారు. ఇప్పుడు అందులో అతని తల్లిదండ్రులు ఉంటున్నారా అన్న ప్రశ్న ఫారంలో లేదు.

కావున విన్నవించుకొనునదేమనగా, కూకట్‌పల్లి ఫ్లాటు ఇంగ్లండులో ఇల్లుగా చెల్లేటట్లయితే, దానికి కట్టిన వాయిదాలు కూడా అక్కడి బ్యాంకుల్లో వాయిదాలుగా చెల్లేటట్టు చూడాలి. అది కుదరనిపక్షంలో ఆ ఫ్లాటును సైతం వాయిదాలతో పాటే హీత్రూ విమానాశ్రయంలో నిలిపివేయించాలి. ఇల్లు స్వాధీనమైన 14 రోజుల్లో రిటర్ను దాఖలు కాకపోతే 100 పౌండ్ల జరిమానా ఉన్నందున, కొనుగోలుదారులు తమ సమాధానం కోసం ఆగకుండా పన్ను కట్టివేస్తున్నారని కూడా మనవి. చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంగ్లండులో మొదటి ఇంటినే రెండో ఇల్లుగా కొన్నవారి తరఫున