లైకు కొట్టు, లక్ష కట్టు

'ఇంట్లో కూర్చుని రోజుకు 3 వేలు, అర్హతలు అక్కర్లేదు' అని వాట్సాప్‌లో మెసేజ్. అందులో అర్హతల మాటొక్కటే నిజం. బీటెక్ కుర్రాడిని నాలుగు రౌండ్లు నలిపి 'మళ్లీ చెబుతాం' అనే రోజుల్లో, పేరైనా అడగకుండా కొలువిచ్చే ధర్మాత్ములు వీళ్లే.

పనేమిటి? యూట్యూబ్ వీడియోకు లైకు కొట్టడం, గడప తొక్కని హోటల్‌కు ఐదు నక్షత్రాలివ్వడం. మొదటి 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. ఎర గుచ్చకుండా గాలం ఎవడు వేస్తాడు? ఆపై టెలిగ్రామ్ గ్రూపు, 'ప్రీపెయిడ్ టాస్కు'. అంటే ఉద్యోగే కంపెనీకి జీతమివ్వాలన్నమాట! తెరమీద బ్యాలెన్సు లక్షలు చూపిస్తుంది. తీసుకోబోతే 'ముందు ట్యాక్స్ కట్టండి మేడమ్' అంటారు. ఆదాయపు పన్ను శాఖకైనా లేదు ఇంత శ్రద్ధ.

డేటా ఎంట్రీ వాళ్లది మరో పద్ధతి. రాత్రింబవళ్లు ఫారాలు నింపించుకుని, 'తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు' అంటూ లాయర్ నోటీసు పంపుతారు.

2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. మూసినవాటికి కొత్త పేర్లు పెట్టడానికి పార్ట్‌టైమ్ ఉద్యోగులు దొరకరా ఏం?

డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే దారిలో ఆపే వీలుంది. మనవాళ్లు ముందుగా ఫోన్ చేసేది మాత్రం ఆ టెలిగ్రామ్ గ్రూపు నడిపే 'మేనేజర్ మేడమ్'కే: 'ఏమండీ, ఇది మోసం కాదు కదా?'