మల్లికార్జునుడిలో మద్దిచెట్టు

నేను ఏరుమద్ది దూలాన్ని. ఇప్పుడు పెంకుటింటి కప్పు మోస్తున్నా, పుట్టింది ఏటి ఒడ్డున. మా జాతి బెరడు నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉండి పలచని పెచ్చులుగా ఊడుతుంది. తెలుపని అర్థమిచ్చే అర్జునమే సంస్కృతంలో మా పేరు. మల్లికార్జున అన్న పేరులో అర్జునుడెవరంటే చాలామంది పాండవ మధ్యముణ్ణి తలుచుకుంటారు. ఆ చోటు మద్దిచెట్టుదని నా వాదన.

అర్జునం పేరు మోసే శివక్షేత్రాలు మూడు. పాతాళగంగగా పారే కృష్ణకు పైన కొండమీద శ్రీశైలం, కావేరి సీమలో తిరువిడైమరుదూరు, తామ్రపర్ణి ఒడ్డున తిరుప్పుడైమరుదూరు. సంస్కృతంలో ఇవే మల్లికార్జునం, మధ్యార్జునం, పుటార్జునం. తమిళంలో మరుదంటే మద్దిచెట్టే, అక్కడ పాండవుడికి తావు లేదు. ఆ రెండు గుళ్లలోనూ స్థలవృక్షం మద్దే. మూడింటికీ నది దగ్గరే ఉండటం కాకతాళీయమని నేననుకోను, ఏటి తడే మా ప్రాణం. భాగవతంలో బాలకృష్ణుడు రోలు ఈడ్చుకుపోయి కూల్చిన జంట మద్దులనూ యమలార్జునాలనే అన్నారు కదా!

చంద్రావతి అనే భక్తురాలు రోజూ మల్లెదండ అర్పించింది కాబట్టి శివుడికి మల్లికార్జునుడన్న పేరొచ్చిందని శ్రీశైల స్థలపురాణం. ఆ భక్తిని నేను కాదనను, మల్లిక ఆమెదే కావచ్చు. కానీ ఆ కథ పేరులో ముందు సగానికే సరిపోతుంది. మల్లెలా తెల్లనివాడని అర్థం చెప్పేవారిది ఇంకా గట్టి వాదన, వ్యాకరణం దాన్ని ఒప్పుకుంటుంది. అయినా మల్లె ఊసే లేని మధ్యార్జునానికి, పుటార్జునానికి అది జవాబివ్వదు. కొమురవెల్లి, ఐనవోలు జాతరల్లో పట్నాలేసి కొలిచే మల్లన్నే పాతవాడనీ, ‘మల’ అంటే కొండ కాబట్టి కొండదేవుడికి తర్వాత సంస్కృతపు పేరు తొడిగారనీ మరికొందరంటారు. అదే నిజమైనా, మల్లన్న పక్కన అర్జునాన్నే ఎందుకు చేర్చారన్న ప్రశ్న మళ్లీ మద్ది దగ్గరికే వస్తుంది.

12వ శతాబ్దపు మల్లికార్జున పండితారాధ్యుడి నుంచి ధార్వాడ సీమ గాయకుడు మల్లికార్జున్ మన్సూర్ దాకా ఎందరో ఈ పేరు నిండుగా మోశారు. వాడుకలో అది మల్లయ్య, మల్లేశం, మల్లన్న అయ్యేసరికి మల్లె మాత్రం మిగిలింది, చెట్టు రాలిపోయింది. బారసాలనాడు బియ్యంలో ఈ పేరు రాసే అమ్మానాన్నలారా, పిల్లవాడికి ఊహ తెలిశాక ఓసారి ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి మద్దిచెట్టును చూపించండి.