ఎనభై దాటకూడదట!

చార్జరు పిన్ను ఈశాన్యం మూలకి వంచితే తప్ప ఎక్కడం లేదు. ఎక్కినా నిలవదు. తీగ కింద అగ్గిపెట్టె ఎత్తు, ఫోను మీద కళ్ళజోడు డబ్బా బరువు, ఈ రెంటి మధ్య ఊపిరి బిగపట్టిన నేను. టింగుమంటుంది. హమ్మయ్య అని పక్క మీద వాలేసరికి మళ్ళీ టింగుమంటుంది. రెండో టింగుకి అర్థం, మధ్యలో ఓసారి దిగిపోయి తిరిగి ఎక్కిందని. రాత్రంతా ఇదే వరస. తెల్లారి చూస్తే రాత్రి ముప్ఫైలో ఉన్న బ్యాటరీ పదిహేడుకి దిగి ఉంటుంది. వాస్తు పండితుణ్ణి పిలవాలో మెకానిక్కుని పిలవాలో తేల్చుకోలేక కొన్నాళ్ళుగా నలుగుతున్నాను.

పిన్నుతో ఎలాగో పడొచ్చు. పిన్ను గురించి తెలిసినవాళ్ళతో పడలేం. విజయనగరం మొత్తం మీద మొబైల్ ఫోను పోషణ తెలియని మనిషి ప్రస్తుతం నేనొక్కణ్ణే. ఎదురింటి రిటైర్డు లైన్‌మేన్ గారు గేటు దగ్గరే ఆపుతారు. "నిండా దింపీసి నిండా ఎక్కించాల మాస్టారూ. మధ్యలో ముట్టుకోకూడదు. బ్యాటరీకి జ్ఞాపకం ఉంటాది" అంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు, పాతబడిన నిజం. నికెల్ కాడ్మియం బ్యాటరీలకి ఆ జబ్బు ఉండేది. సగం ఉండగానే మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూపోతే తన శక్తే అంతని అనుకుని అక్కడే చతికిలబడేవి. 1991లో సోనీ వాళ్ళు లిథియం అయాన్ బ్యాటరీని బజార్లోకి తెచ్చాక మెల్లగా ఆ పాతవాటి రోజులు చెల్లిపోయాయి. బ్యాటరీకి జ్ఞాపకం పోయింది. లైన్‌మేన్ గారికి పోలేదు.

మా మేనల్లుడు వైజాగులో ఇంజనీరింగు. వాడిది ఇంకో మతం. "ఇరవై కిందకి దిగనివ్వకు మావయ్యా. ఎనభై దాటనివ్వకు." వీడు చెప్పేది నిజం కావడమే నా బాధ. లిథియం బ్యాటరీ బొత్తిగా అడుగంటినా నలుగుతుంది, పూర్తిగా నిండి వేడిలో కూచున్నా నలుగుతుంది. మధ్యస్థంగా ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. ఒప్పుకున్నాను. కానీ సరిగ్గా ఎనభై దగ్గర తియ్యాలంటే ఎవరో ఒకరు దాని పక్కన కాపలా కూచోవాలి. కొత్త ఫోన్లు ఎనభైకి వాటంతటవే ఆగుతాయిట. నాది అంత చదువుకోలేదు. "స్టవ్ మీద పాలు పొంగిపోతే పట్టించుకోరు గానీ దీని ముందు మాత్రం దండం పెట్టుకుని కూచుంటారు" అని మా ఆవిడ వంటింట్లోంచే ఒక మాట విసిరింది. ఈ బ్యాటరీకి పునాదులు వేసిన ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. వాళ్ళలో గూడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. నోబెల్ చరిత్రలోనే అంత పెద్ద వయసులో అందుకున్నవాళ్ళు లేరు. 2023లో ఆయన పోయేనాటికి నూరు నిండాయి. ఎనభై దాటకూడని బ్యాటరీని మనకిచ్చి, తాను నూరు దాకా నడిపించుకున్నాడు పెద్దాయన!

ఇక ఆ సలహాలు రాసేవాళ్ళెవరికీ మన గాలి సంగతి తెలీదు. బారువ నుంచి చింతపల్లి దాకా సముద్రం ఒడ్డున కిటికీ ఊచలకే ఏటా రంగు వెయ్యాలి, లేకపోతే పొరలు పొరలుగా రాలిపోతాయి. అలాంటిచోట పిన్ను గుంటలోని పిసరంత లోహం ఏపాటి? 'వాటర్ ప్రూఫ్, ఐపీ68' అని పెట్టె మీద రాస్తారు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో. కళింగపట్నం కెరటం దాని లెక్కలోకి రాదు. తడిస్తే రంగు మారే చిన్న స్టిక్కరొకటి లోపలే అంటించి ఉంచుతారు కనక వారంటీ కూడా రాదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులకైతే ఇంకో చిక్కు. పైతొక్కలోని జీడి వేళ్ళ చర్మాన్ని తినేస్తుంది, గీతలు అరిగిపోతాయి. యజమాని వేలు పెట్టినా 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది ఫోను. వంద గ్రాముల పప్పు కొనుక్కుని నములుతూ ఆ మాట వినాలి మనం.

నీళ్ళలో పడ్డ ఫోను సంగతి ఎత్తితే బొబ్బిలిలో మా అత్తారింట్లో నాకిక కాఫీ పుట్టదు. అయినా ఎత్తుతున్నాను.

మా బావమరిది ఫోను బియ్యం డబ్బాలోంచి మోగింది. అలా బయటపడింది వ్యవహారం. మా అత్తగారు అడ్డెడు బియ్యం కొలవడానికి మూత తీశారు. లోపల్నుంచి ఎవరో క్రెడిట్ కార్డు కావాలా అని అడుగుతున్నారు. ఆవిడ మూత పెట్టేసి, ఓ క్షణం ఆలోచించి, మళ్ళీ తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి లాగారు.

"ఏటయిందిరా దీనికి?"

"తడిసిందమ్మా. బియ్యంలో పెడితే చెమ్మ లాగేస్తుందట."

"ఎక్కడ పడ్డాది?"

"నీళ్ళలో."

"ఏ నీళ్ళలో?"

"మామూలు నీళ్ళే."

"మామూలంటే? నూతిలోవా, కుళాయివా, చెరువువా?"

"కుళాయి నీళ్ళేనమ్మా... ఒక విధంగా."

ఆ 'ఒక విధంగా' దగ్గర మావగారు పేపరు దించారు. ఉతికిన బట్టలు మడతపెడుతున్న మరదలు లేచి గుమ్మంలోకి వచ్చింది. కుళాయి నీళ్ళు మన ఇళ్ళలో ఏయే దారుల్లో ఏయే గదుల్లోకి ప్రయాణిస్తాయో ప్రతి ఒక్కరూ మనసులో పటం గీసుకుంటున్నారు. పొద్దున్న పూట ఫోను పట్టుకుని వీడు అరగంటకి తక్కువ కాకుండా ఎక్కడ కూచుంటాడో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. "ఎప్పుడు పెట్టావు ఇందులో?" అని మాత్రం అడిగారు మావగారు. నిన్న రాత్రి అన్నాడు. అంటే మధ్యాహ్నం మేం తిన్న అన్నం ఆ డబ్బాలోదే. నేను చారులో రెండోసారి కలుపుకున్న అన్నమూ ఆ డబ్బాలోదే. అల్లుణ్ణి కదా అని అడుగున మెత్తగా ఉన్నది ఏరి వడ్డించారు.

తర్వాత విచారణ జరిగింది. పై బియ్యం తీశారా, అడుగువి తీశారా? ఫోను ఎంత లోతులో ఉంది? కవరుతో పెట్టాడా, విప్పి పెట్టాడా? విప్పే పెట్టాడు, శాస్త్రం తెలిసినవాడు. "బియ్యం డబ్బా అంటే లక్ష్మీదేవిరా" అని అత్తగారు గొంతు పూడుకుపోయి అక్కడే కూచున్నారు. డబ్బాలో మిగిలిన బియ్యమంతా పెరట్లో కోళ్ళకి పోశారు. అక్కడితో ఆగిందా? ఆ కోళ్ళు పెట్టిన గుడ్లు మావగారు ముట్టలేదు. అవి పక్కింటికి పంపారు. సంగతి పక్కింటికి తెలిసి, వాళ్ళు గుడ్లయితే ఉంచుకున్నారు గానీ మాటలు మానేశారు. సంక్రాంతికి అరిసెల పళ్ళెం పంపిస్తే, "కొత్త బియ్యమేనా?" అని గుమ్మంలోనే అడిగి తీసుకున్నారు.

ఇంత జరిగాక తెలిసిందేమిటంటే, బియ్యం ఆ పనికి పనికే రాదట. 2024 జనవరిలో ఆపిల్ కంపెనీవాళ్ళే చెప్పారు, తడిసిన ఫోనుని బియ్యంలో పెట్టకండి, గింజల తునకలు లోపలికి పోయి పాడు చేస్తాయని. పిన్ను గుంట కిందికి వచ్చేలా పట్టుకుని చేత్తో మెల్లగా తట్టి, గాలి ఆడేచోట ఉంచితే చాలునట. మా బావమరిది ఫోనుకి అన్నీ బాగానే ఉన్నాయి గానీ చార్జింగు ఎక్కడం మానేసింది. లోపల నూక ఇరుక్కుంది.

నా గుంటలో ఏమి ఇరుక్కుందో చూడ్డానికి గంటస్తంభం దగ్గర ఓ చిన్న దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు టార్చి కొట్టి ఓ కన్ను మూసి చూశాడు. సూది తియ్యలేదు. పళ్ళు కుట్టుకునే చెక్కపుల్ల తీసి, కొస చెక్కి ఇంకా సన్నం చేసి, ఓ మూల నుంచి గీరుతూ లాగాడు. బూడిదరంగు పీచు వచ్చింది. రోజూ పిన్ను పెట్టి నేనే లోపలికి కుక్కి కుక్కి పలకగా చేశానన్నమాట, గుంట ఎంత వెడల్పో అదీ అంతే. దాన్ని బొటనవేలి గోరు మీద పెట్టుకుని పుల్లతో విప్పాడు. జేబురుమాలు నూలు, ఆర్టీసీ టిక్కెట్టు తునక, పైడితల్లమ్మ గుడిలో పొట్లం కట్టుకున్న కుంకం.

"జేబులో పరుపు కుట్టిస్తన్నారేటి మాస్టారూ?" అన్నాడు. "ఇంట్లో సూదులూ గుండుసూదులూ ఎట్టీకండి. లోపల నాలిక ఇరిగిపోతే బోర్డు మార్చాల."

డబ్బులడిగితే వద్దన్నాడు. కుర్రాడు మంచివాడని నేననుకునేలోపు గ్లాసు వేయించుకోమన్నాడు. "తొమ్మిది హెచ్ గట్టిదనం, సుత్తెట్టి కొట్టినా పగల్దు" అన్నాడు. తొమ్మిది హెచ్ అన్నది పెన్సిళ్ళ గట్టిదనం కొలత. అంటే తొమ్మిది హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడదని. ఫోను మీద పెన్సిలుతో బొమ్మలు గీసేవాళ్ళు విజయనగరంలో నాకెవరూ తటస్థపడలేదు. ఇక్కడ ఫోనుకి అసలు గండం సిరిమానోత్సవం నాడు. మాను వస్తుంటే జనమంతా ఫోన్లు పైకెత్తుతారు, వెనకనున్న జనమంతా అరటిపళ్ళు విసురుతారు. అరటిపండుకి ఎంత గట్టిదనం గ్లాసు కావాలో పెట్టె మీద ఎవరైనా రాస్తే అప్పుడు కొంటాను.

పిన్ను ఇప్పుడు నిలుస్తోంది. కానీ ఎక్కించింది మధ్యాహ్నం కునుకు దాకా నిలవడం లేదు. బ్యాటరీ మార్చవయ్యా అంటే, జిగురేసి అంటించేశారు మాస్టారూ, అద్దం వేడి చేసి ఊడదియ్యాల, అద్దం పోతే నా పూచీ లేదు, కొత్తది కొనీడమే మేలు అన్నాడు. నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఒకప్పుడు గోటితో మూత తీసి బ్యాటరీ మార్చుకున్నవాళ్ళం. 2007 ఆగస్టులో నోకియావాళ్ళు బీఎల్-5సీ బ్యాటరీలు కొన్ని వేడెక్కుతున్నాయని ప్రకటిస్తే, ప్రపంచం మొత్తం మీద 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల మీద అనుమానం వచ్చి పడితే, మా వీధివీధంతా ట్యూబులైటు కింద మూతలు తీసి బ్యాటరీ మీద నంబరు చదువుకున్నాం. భయపడ్డాం, నిజమే. కానీ ఎవరి భయం వాళ్ళ చేతిలో పట్టుకుని చూసుకోగలిగాం. ఇప్పుడు డబ్బిచ్చి కొన్న వస్తువు లోపల ఏముందో చూసుకునే హక్కు లేదు. 2027 ఫిబ్రవరి నుంచి ఫోను బ్యాటరీని వాడేవాడే మార్చుకునేలా ఉండాలని ఐరోపావాళ్ళు చట్టం చేసుకున్నారు. దాంట్లోనూ మినహాయింపులు పెట్టుకున్నారులెండి.

ఎంతకి ఎక్కిందని కాదు, ఎక్కితే చాలనుకున్న రోజులూ చూశాను. 2018 అక్టోబరు 11న, తెల్లవారకుండానే తిత్లీ తుపాను వచ్చి పడేనాటికి నేను వజ్రపుకొత్తూరు వైపు బళ్ళో లెక్కలు చెబుతున్నాను. కొబ్బరి, జీడి, కరెంటు స్తంభాలు, తేడా లేకుండా పడుకున్నాయి. ఉద్దానం రోజుల తరబడి చీకట్లోనే ఉంది. ఊళ్ళో ఎవరో జనరేటరు పెట్టి ఫోనుకింత అని తీసుకుని చార్జింగు పెడుతుంటే, పేర్లు రాసిన కాగితాలు అంటించి అందరూ ఫోన్లు వరసలో పెట్టేవారు. ఆ వరసలోకి రోజూ ఒకావిడ వచ్చేది. కొడుకు నా దగ్గరే చదివి, మానేసి, వెరావల్‌లో బోటెక్కాడు. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ వాడికి ఫోను అందదు. ఒడ్డు తగిలిన పూటే చేస్తాడు. మీట నొక్కే చిన్న ఫోను అది. పాలిథిన్ సంచిలో చుట్టి రబ్బరు బ్యాండు వేసి తెచ్చేది.

"టవర్లు కూడా పడిపోయాయమ్మా. ఎక్కించినా పలకదు, డబ్బులు దండగ" అన్నాను.

"టవరు ఆలొచ్చి నిలబెడతారు గదా బాబూ. ఆ యేలకి ఇది సచ్చుంటే ఎలగ?"

ఒడ్డుకొచ్చినవాడు అక్కడ టీవీలో ఊరు చూస్తాడు. ఇంట్లో మనిషి ఉందో లేదో టీవీ చెప్పదు. ఎనభైలూ ఇరవైలూ తెలీకుండా, ఆవిడ రోజూ డబ్బిచ్చి నిండా ఎక్కించుకుని వెళ్ళింది. నేను చెప్పే లెక్కలు అక్కడ పనిచెయ్యవని నాకా మాత్రం తెలిసింది. నా ఫోనూ వరసలో పెట్టాను.

మొన్న కాశీబుగ్గలో బస్సు కోసం నిలబడితే అదే ఆవిడ. అదే ఫోను, సంచి మాత్రం కొత్తది. బాగోగులయ్యాక నేను ఊరుకోవచ్చు కదా! ఈమధ్య అబ్బిన జ్ఞానమంతా కక్కాను. నిండా ఎక్కించకమ్మా, బ్యాటరీ మన్నుతుందన్నాను.

"అది ఒగ్గీ బాబూ. ముందిది సెప్పు. పైసలెయ్యకపోతే మా వోడు సేసినా ఇది పలకదంటన్నారు. వచ్చీ ఫోనుకి నానెందుకెయ్యాల?"

నా దగ్గర జవాబు లేదు.

"పోనీ నెలకని ఏసినా ఇరవై ఎనిమిది రోజులకే నోరు మూసీసుకుంటంది. ఏడాది పొడుగునా ఫిబ్రవరేనేటి?"

ఇది లెక్క కనక ఉత్సాహం వచ్చింది. ఇరవై ఎనిమిది పదమూళ్ళు మూడువందల అరవై నాలుగమ్మా, అందుకని ఏడాదికి పన్నెండు కాదు, పదమూడుసార్లు వెయ్యాలి అన్నాను. ముప్ఫై రోజుల ప్లాను ఒక్కటైనా ఉండాలని 2022లో ట్రాయ్ వాళ్ళు కంపెనీలకి చెప్పారు, అది అడిగి వేయించుకో అని కూడా అన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"పదమూడో నెల పేరేటి మరి?" అంది.