జిప్పు బాబాయి

ప్రతి బంధువర్గంలోనూ ఒక జిప్పు బాబాయి ఉంటాడు. ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై ఉంటాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ బీరువా తాళాలు మొలతాడుకి కట్టుకు తిరిగిన మనిషి. రిటైరయ్యాక బీరువా ఆఫీసులోనే ఉండిపోయింది. తాళం వేసే యావ మాత్రం ఆయనతో ఇంటికొచ్చి లాప్‌టాప్ మీద పడింది.

విడి ఫైలు కంటపడితే బాబాయికి ముద్ద దిగదు. రైట్ క్లిక్ కొట్టి జిప్పు చేసేదాకా ఊరుకోడు. "విన్‌జిప్ అనీ విన్‌రార్ అనీ డబ్బులు తగలేస్తారేంట్రా? అన్నీ విండోస్‌లోనే ఉంటే!" అంటాడు. ఆ మాట నిజమే. చిక్కల్లా దేన్ని జిప్పు చేస్తాడన్న దగ్గరే. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు 4 జీబీలుంటే, కాఫీ తాగుతూ పచ్చగీత నిండేదాకా కాపలా కాసి, "30 ఎంబీ మిగిల్చాను చూడు!" అని మీసం దువ్వుతాడు. జేపెగ్ ఫొటోలూ ఎంపీ4 వీడియోలూ పుట్టుకతోనే కుదించినవి. పిండేసిన పంచెని మళ్లీ పిండితే ఎన్ని నీళ్లు రాలతాయి? ఒకే మాట పదేపదే వచ్చే ఉత్త టెక్స్ట్ ఫైలైతే బాగా తగ్గుతుంది. మున్సిపాలిటీకి రాసిన అర్జీలున్నాయిగా అంటాడు. అవి వర్డ్‌లో డాక్స్ ఫైళ్లు. డాక్స్ అంటే లోపల అదీ ఒక జిప్పే అని చెప్పి చూడండి. "అయితే రెండు తాళాలు పడ్డట్టేగా!" అని మురిసిపోతాడు.

జిప్పు అంటే మూటే గాని తాళం కాదని ఆయనకి ఎక్కదు. ఎక్స్‌పీ రోజుల్లో జిప్పుకి పాస్‌వర్డ్ పెట్టే వీలు విండోస్‌లోనే ఉండేది. విస్టాతో తీసేశారు. ఇప్పుడు పాస్‌వర్డున్న జిప్పుని విండోస్ తెరుస్తుంది, కొత్తగా వెయ్యనివ్వదు. డీఏ బకాయిలు ఆగినప్పుడైనా బాబాయి అంత బాధపడలేదు.

బాధ తీరే దారి ప్రాపర్టీస్‌లో దొరికింది. అడ్వాన్స్‌డ్ నొక్కితే ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే గడి ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో అది పనిచెయ్యదు; బాబాయిది ప్రో. టిక్కు పెట్టాడు. "కీని బ్యాకప్ చేసుకోండి" అని విండోస్ మర్యాదగా అడిగింది. వైరస్ మెసేజ్ కాబోలనుకుని మూసేశాడు. కొన్నాళ్లకు లాప్‌టాప్ మొరాయించింది. వీధి చివర కుర్రాడు విండోస్ కొత్తగా ఎక్కించాడు. డీ డ్రైవ్‌లో ఫైళ్లన్నీ చెక్కుచెదరలేదు. ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ తాళంచెవి పాత విండోస్‌తోనే పోయింది. "చూశావా, నాకే తెరుచుకోలేదంటే దొంగకేం తెరుచుకుంటుంది!" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత ఏకంగా డ్రైవ్‌కే బిట్‌లాకర్ వేశాడు. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. ఈసారి బుద్ధిగా ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, పోకుండా లాప్‌టాప్ అడుగునే అంటించాడు.

ఇక పాస్‌వర్డులకు ఆయన ఆదర్శం ఈ-ఆధార్ పీడీఎఫ్. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. సర్కారు పెట్టిన పద్ధతి కాబట్టి బాబాయి పాస్‌వర్డులన్నీ అదే వరసలో ఉంటాయి. ఫ్యామిలీ గ్రూపులో ముందు ఫైలు వస్తుంది, ఆ కిందే పాస్‌వర్డూ వస్తుంది. అందులోని రహస్యం కరెంటు బిల్లు.

నవ్వుకోవడం తేలికే గాని, ఆ జాగ్రత్తలో సగం మనకి ఉంటే ఎన్నో ఫైళ్లు దక్కేవి. ఆయనకి కావలసింది మూడు ముక్కలు: జిప్పు చోటు కోసం, తాళం పరాయివాడి కోసం, పోకుండా ఉండటానికి మాత్రం ఇంకోచోట ఇంకో కాపీ. తాళంచెవి తాళం పక్కన ఉండకూడదు. మీ ఇంటి బాబాయికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. పాస్‌వర్డ్ అడక్కండి, ఆయనే పంపిస్తాడు.