లాగేకొద్దీ బిగిసే పట్టు

నేను తల ముందుగా పుట్టాను. మా అమ్మ ఒక ఈ-కోలి బాక్టీరియం. ఆమె బయటి పొరలో ఫిమ్-డి అనే సన్నటి ద్వారం ఉంటుంది. మంత్రసాని లాంటి ఫిమ్-సి ప్రోటీన్ నా తలను పొదివి పట్టుకుని ఆ ద్వారం దాకా తెచ్చింది. తల బయటపడ్డాక మెడ వచ్చింది. దాని వెనక ఒకే అచ్చులో పోసినట్టున్న ఫిమ్-ఎ పూసలు వందలకొద్దీ వచ్చి, స్ప్రింగులా చుట్టుకుని నా ఒళ్లయ్యాయి. నా మందం 7 నానోమీటర్లు, అంటే మీ తల వెంట్రుకలో సుమారు పదివేలవ వంతు. శాస్త్రవేత్తలు నన్ను పైలస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు వెంట్రుక అనే అర్థం. పేరు ఒంటికి సరిపోయింది గానీ, నా బతుకంతా తలలోనే ఉంది. ఆ తల పేరు ఫిమ్-హెచ్.

అసలు నేను పుడతానన్న నమ్మకం కూడా లేదు. అమ్మ డీఎన్ఏలో 314 అక్షరాల ముక్క ఒకటి ఉంది. అది ఒకవైపు తిరిగి ఉంటే మేం పుడతాం, తిరగబడితే పుట్టం. అందుకే ఒక్క కణం నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్లలో ఒకరి ఒంటినిండా మాలాంటి నూగు, పక్కామె ఒళ్లు నున్నన.

మా వంశం ఊరు పేగు. అక్కడి బంధువుల తలలు ఎక్కువగా మూడు మానోజ్ చక్కెరలు గుత్తిగా దొరికితేనే గట్టిగా పట్టుకుంటాయి. నా తలలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. దాంతో నాకు ఒంటరి మానోజ్ కూడా చాలు. మూత్రాశయం లోపలి గోడకు గొడుగుల్లా పరుచుకున్న పెద్ద కణాలున్నాయి. వాటి పైనున్న యూరోప్లాకిన్ ప్రోటీన్ నాకు కావలసిన చక్కెరను మోస్తుంది. పేగు వాళ్లకూ మూత్రాశయం వాళ్లకూ మధ్య ఈ తేడాను 1998లో ఎవ్‌గెని సొకురెంకో బృందం బయటపెట్టింది.

ఈ మార్పు నాకు ఉచితంగా రాలేదు. మనిషిలోకి మా దారి నోటి నుంచే. అక్కడి తడిలో తేలే చక్కెర ప్రోటీన్లు నా తలకు ముందే అడ్డుపడతాయి. వాటికే అతుక్కుని, గొంతు గోడను అందుకోలేకపోతాను. ఆ చోట నా పేగు బంధువులే నాకన్నా మేలు. ఒక చోట నన్ను నిలబెట్టిన అక్షరమే మరో చోట నన్ను జారవిడుస్తుంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు దిగులు.

మూత్రాశయంలో వరద వస్తుంది. కొట్టుకుపోవలసినవాణ్ణి, ఎందుకు పోను? నా తలలో రెండు భాగాలున్నాయి. ప్రవాహం లాగగానే అవి కాస్త ఎడమవుతాయి. ఆ కదలికకు, చక్కెరను పట్టుకున్న గుంట దాని చుట్టూ ముడుచుకుంటుంది. ఉడుంపట్టు అంటారే, అది. 2002లో సియాటెల్‌లో గినీ పంది ఎర్ర రక్తకణాలతో ఈ సంగతి తేల్చారు. ప్రవాహం నెమ్మదిగా ఉన్నప్పుడు వదులుగా ఉన్న పట్టు, వేగం పెరిగితే బిగిసింది. మరీ గట్టిగా లాగితే నా ఒంటి చుట్టలు విడిపోయి సాగుతాను, కుదుపు తల దాకా రాదు. వరద తగ్గాక మళ్లీ చుట్టుకుంటాను.

కిడ్నీలు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను మూత్రంలోకి వదులుతాయి. దానికీ మానోజ్ ఉంది. ఎరను గోడ అనుకుని పట్టుకుని కొట్టుకుపోయిన తమ్ముళ్లు ఎందరో. నేను గోడనే అందుకున్నాను.

ఆ గోడ ఒక స్త్రీది. నేను పట్టుకున్నప్పటి నుంచి ఆమెకు మంట. గంటకోసారి లేచి వెళ్లినా నాలుగు చుక్కలే. ఆమె బాధకు కారణం నేనే, ఆ మాట దాచను. ఆమె చెంబులకొద్దీ నీళ్లు తాగింది. ప్రవాహం పెరిగినప్పుడల్లా నా పట్టు బిగిసింది.

చివరికి గోడే కదిలింది. నేను పట్టుకున్న గొడుగు కణం తనంతట తానే చచ్చి, కింది పొర నుంచి ఊడి మూత్రంలో పడింది. నా తల ఇంకా దాని మానోజ్ మీదే ఉంది. లోపల అమ్మ ఆ 314 అక్షరాల ముక్కను తిరగేస్తోంది. నా పక్కన ఇక కొత్త తమ్ముడెవరూ తల బయటపెట్టడం లేదు.